నంబరు చదవకుండా నట్టు విప్పొద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత ఇంజిన్ల గురించే. బండ్లు వేరు, ఊళ్లు వేరు, అందరి అనుమానం మాత్రం ఒకటే: "ఇందులో ఉన్న పార్టు ఆ కాలానిదేనా, లేక మధ్యలో ఎవరో తగిలించిందా?" అందుకే మైలేజీ, క్లచ్ ప్లేటు, బ్యాటరీ ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, అందులో పనికొచ్చే విషయం అంత ఉంది మరి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం. ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశాను. మా తమ్ముడు మిషిగన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడ ఒక 1969 షెవ్రోలే కమారో కొన్నాడు. అమ్మినాయన ఇది జెడ్/28 (కమారోల్లో రేసు కోసం తెచ్చిన ప్రత్యేక మోడల్) అనీ, కంపెనీ నుంచి వచ్చిన 302 ఘనపు అంగుళాల ఇంజినే ఉందనీ, నంబర్లన్నీ కలుస్తాయనీ చెప్పి దానికి తగ్గ ధరే తీసుకున్నాడట. ఇప్పుడు ఇంజిన్ దించి రీబిల్డ్ చేద్దామనుకుంటున్నారు, రోజూ నాకు ఫొటోలు పంపుతున్నాడు. బ్లాకు వెనక 3970010 అని ఉంది, అవతలి పక్క "డి 20 0" అని ఉంది. ముందు ప్యాడ్ మీద "వి 0312 డిజెడ్" అని కొట్టి ఉంది. బాడీ ప్లేటు మీద 03సి. కార్బొరేటర్ హోలీ, లిస్ట్ 4053, దాని కింద 923. ఆల్టర్నేటర్ డ్రైవర్ పక్కన ఉంది. హెడ్ల చివర రెండు మూపురాల్లాంటి గుర్తు ఉంది కానీ బోల్టు కన్నాలు లేవు. ఇందులో ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?
(ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: బాబూ, ముందు చేదు మాట చెప్పేస్తాను. ఆ బ్లాకు ఆ కారుతో పుట్టింది కాదు. అది చెప్పడానికి ఇంజిన్ విప్పక్కర్లేదు, నువ్వు రాసిన రెండు నంబర్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

పోత పోసేటప్పుడే అచ్చులోంచి ఉబ్బెత్తుగా వచ్చే నంబరు ఒకటి, ఇంజిన్ బిగించాక సుత్తితో కొట్టే నంబరు ఇంకొకటి. మొదటిదాన్ని మార్చడం కష్టం, రెండోదాన్ని మార్చడం తేలిక. 3970010 అనేది పోత నంబరు. ఈ బ్లాకు 1969లో మొదలై ఆ తర్వాత పదేళ్ల పాటు వచ్చింది, ఎక్కువగా 350 ఇంజిన్లలో. 1969 మోడల్ 302లో కూడా ఇదే బ్లాకు వాడారు, కాబట్టి అమ్మేవాళ్లు "ఇదిగో నంబరు సరిపోయింది" అని ధైర్యంగా చూపిస్తారు. నంబరు నిజంగానే సరిపోయింది. తేదీ సరిపోలేదు. షెవ్రోలే బ్లాకు మీద తేదీ ఎలా చదవాలంటే, మొదట నెల ఒక అక్షరంగా, తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ఎ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా డి ఏప్రిల్. "డి 20 0" అంటే ఏప్రిల్ 20, సున్నాతో ముగిసే సంవత్సరం. 1960 అయ్యే వీల్లేదు, అప్పటికి ఈ బ్లాకే లేదు. 1970 అనుకో, 1980 అనుకో, ఎటు చూసినా కారు తయారయ్యాక పోసిన ఇనుమే.

ఇప్పుడు కారు ఎప్పటిదో చూడు. 1969 కమారో బాడీ ప్లేటు మీద 03సి అంటే మార్చి నెల మూడో వారం. ప్యాడ్ మీద "వి 0312 డిజెడ్" అంటే ఫ్లింట్ ఫ్యాక్టరీలో మార్చి 12న బిగించిన ఇంజిన్, డిజెడ్ అనేది ఆ ఏడాది జెడ్/28 కోడు. మార్చి 12న ఇంజిన్, మూడో వారంలో కారు, లెక్క చక్కగా కుదిరింది కదా అనిపిస్తుంది. కానీ 1970 ఏప్రిల్‌లో పోసిన బ్లాకును 1969 మార్చిలో ఎవరూ బిగించలేరు. అంటే ఎవరో ఆ ప్యాడ్ అరగదీసి, బాడీ ప్లేటు చూసి, దానికి కుదిరే తేదీ మళ్లీ కొట్టారు. అది మీ తమ్ముడికి అమ్మినాయనే చేశాడని నేను అనను, ఆయన కూడా అలాగే మోసపోయి ఉండొచ్చు.

నా మాట నమ్మకుండా మీ తమ్ముణ్ణే చూసుకోమను. ప్యాడ్ ఎక్కడుంటుందంటే, ఇంజిన్ ముందు భాగంలో కుడి పక్క హెడ్డుకు సరిగ్గా ముందు బ్లాకు కొంచెం బయటకు వచ్చి ఉంటుంది. కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిచి, టార్చి లైటును పక్క నుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించి వేసి చూడాలి. ఫ్యాక్టరీ ప్యాడ్ మీద ముందు నుంచి వెనక్కి సన్నని తిన్నని గీతలు కనబడతాయి, బ్లాకు పైభాగం మొత్తాన్ని ఒకే కోతలో చదును చేసిన గుర్తు అది. గ్రైండర్ పెట్టి ఉంటే గీతలు వంకరగా, గుండ్రంగా ఉంటాయి, లేదా అసలు గీతల్లేకుండా అద్దంలా నున్నగా ఉంటుంది. 1968 మోడల్ నుంచి బ్లాకు మీద కారు సీరియల్ నంబరు కూడా కొట్టేవాళ్లు. ఆ కారు నంబరు 124379ఎన్ 5తో మొదలై ఉంటే, బ్లాకు మీద 19ఎన్ 5తో మొదలయ్యే నంబరు ఉండి, దాని మిగతా అంకెలు కారు నంబరు చివరి అంకెలతో కలవాలి. ప్యాడ్ మీద లేకపోతే ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెతకమను. అక్కడ వేరే కారు నంబరు గనక దొరికితే ఇక ఏ అనుమానమూ మిగలదు.

ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. 1969 కమారో చాసిస్ నంబరులో అది ఆరు సిలిండర్ల బండో వీ8 బండో మాత్రమే తెలుస్తుంది. జెడ్/28 అని ఎక్కడా ఉండదు. ఆ ఏడాది 20,302 జెడ్/28లు అమ్ముడయ్యాయి, మామూలు వీ8 కమారోలు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఇంజిన్ ఒక్కటి చూసి కారు జెడ్/28 అని తేల్చడానికి లేదు, ఇంజిన్ కాకపోతే కారు జెడ్/28 కాదనడానికీ లేదు. కొన్నప్పటి డీలర్ కాగితాలేమైనా ఉన్నాయేమో అడగమను.

బ్లాకు సంగతి అలా ఉంచు. అసలు లోపల ఉన్నది 302నా 350నా? రెండింటికీ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, ఒకటే, 4 అంగుళాలు. తేడా అంతా స్ట్రోకులో, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరంలో ఉంది. 302కి 3 అంగుళాలు అంటే 76.2 మిల్లీమీటర్లు, 350కి 3.48 అంగుళాలు అంటే 88.4. హెడ్డు దించాక క్రాంకు తిప్పి పిస్టన్ పై నుంచి కిందికి ఎంత దిగిందో డెప్త్ గేజీతో చూస్తే 12 మిల్లీమీటర్ల తేడా దాగదు. చిన్న స్ట్రోకు పెట్టడానికి కారణం రేసు. అప్పటి ట్రాన్స్-ఆమ్ పోటీల్లో 305 ఘనపు అంగుళాలు దాటకూడదని నిబంధన ఉండేది, షెవ్రోలే వాళ్లు 4 అంగుళాల బోరు, 3 అంగుళాల స్ట్రోకు కలిపి 302తో దాని కిందికి వచ్చారు. తర్వాత సంపు విప్పి మెయిన్ బేరింగ్ క్యాపులు చూడాలి. 1969 జెడ్/28లో మధ్య మూడు క్యాపులకు నాలుగేసి బోల్టులు ఉంటాయి, రెండేసి ఉంటే అది వేరే బండి బ్లాకు. క్రాంకు మెయిన్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) 2.45 అంగుళాలు ఉండాలి. 2.30 వస్తే అది 1967 దాకా వచ్చిన పాత క్రాంకు. బేరింగులు ఆర్డర్ పెట్టే ముందు మైక్రోమీటర్ పెట్టి కొలవకపోతే డబ్బులు పోతాయి, అమెరికా నుంచి తెప్పించినవి వెనక్కి పంపడం అంత తేలిక కాదు.

హెడ్ల గురించి నువ్వు రాసింది చాలా పనికొచ్చింది. రెండు మూపురాల గుర్తు మంచిదే, ఆ రోజుల్లో గట్టి షెవ్రోలే హెడ్లకు ఉండే గుర్తే. కానీ 1969లో వాటి చివర ఆల్టర్నేటర్ బ్రాకెట్ బిగించడానికి బోల్టు కన్నాలు వచ్చాయి. నీ ఫొటోలో కన్నాల్లేవు, కాబట్టి అవి 1968 దాకా వచ్చినవి. ఆ ఏడాది కమారోలో వాటర్ పంపు కూడా మారింది. పొట్టి పంపు పోయి పొడుగు పంపు వచ్చింది, దాంతో ఆల్టర్నేటర్ ఇంజిన్ ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారింది. ఇక్కడ మనవాళ్లు తడబడతారు జాగ్రత్త: అమెరికాలో డ్రైవర్ పక్క అంటే ఎడమ పక్క. కాబట్టి ఆల్టర్నేటర్ డ్రైవర్ పక్కన ఉందంటే 1968, అంతకు ముందటి పద్ధతిలో ఉన్నట్టు. కన్నాల్లేని హెడ్లు వేశారు కాబట్టి కొత్త బ్రాకెట్ పట్టలేదు, కాబట్టి పాత పంపూ పాత పుల్లీలూ తెచ్చి కూర్చోబెట్టారు. ఒక తప్పు పార్టు దాని వెనక నాలుగు తప్పు పార్టులను లాక్కొచ్చింది. రాకర్ కవర్లు విప్పితే హెడ్డు నంబరు కనబడుతుంది. 1969కి సరైన హెడ్డు నంబరు 186తో ముగియాలి, 3927186.

ఇక మంచి వార్త. ఆ ఇంజిన్ మీద అన్నిటికంటే విలువైనది కార్బొరేటరే. లిస్ట్ 4053 అనేది 1969 జెడ్/28 హోలీ నంబరే. 923 అంటే 9 సంవత్సరం, 2 నెల, 3 వారం: 1969 ఫిబ్రవరి మూడో వారం. కారు మార్చి మూడో వారంది. ఇంతకంటే చక్కగా కుదరదు. ఆ కార్బొరేటర్‌ను ఎవరికీ ఇవ్వొద్దు, పాలిష్ చేయించొద్దు, బఫ్ పెట్టించొద్దు. ఆ పసుపు రంగు పూత పోతే తిరిగి అలా తేవడం చాలా కష్టం. లోపల కిట్ మార్చుకుంటే చాలు. డిస్ట్రిబ్యూటర్ చుట్టూ ఒక సన్నని అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని మీద తేదీ బ్లాకులా ఉండదు, సంవత్సరం ముందు వస్తుంది: "9 బి 20" అంటే 1969 ఫిబ్రవరి 20. అదీ చదివి పంపమను.

తేదీల విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఇంతే. పార్టు పోసిన తేదీ ఇంజిన్ బిగించిన తేదీ కంటే ముందు, ఇంజిన్ తేదీ కారు తేదీ కంటే ముందు ఉండాలి. ముందంటే మామూలుగా కొన్ని వారాలు, అప్పుడప్పుడు రెండు మూడు నెలలు. ఏడాది ముందుదైతే అనుమానించాలి, ఒక్క రోజు తర్వాతదైనా అది ఆ కారుది కాదు.

మరి ఏం చేయాలి? 3970010 పనికిమాలిన బ్లాకు కాదు, పగుళ్లు లేకుండా బోరులో ఇంకా ఇనుము మిగిలి ఉంటే చక్కగా తిరుగుతుంది. నా సలహా ఏంటంటే, ఇప్పటికి దాన్ని అలాగే బాగు చేసి నడుపుకోమను, ఈలోగా 1969 జనవరి, ఫిబ్రవరి, మార్చి తొలి రోజుల పోత తేదీ ఉన్న బ్లాకూ 186 హెడ్ల జతా వెతకమను. అవి దొరికాక ఇంజిన్ కట్టినా, అమ్మేటప్పుడు "ఆ కాలపు పార్టులతో కట్టిన ఇంజిన్" అనే చెప్పాలి, "కారుతో వచ్చిన ఇంజిన్" అని చెప్పకూడదు. ప్యాడ్ మీద మాత్రం తన కారు నంబరు కొట్టించుకోవద్దని గట్టిగా చెప్పు. అక్కడ బండి గుర్తింపు నంబర్లు మార్చడం నేరం, పైగా ఇంకొకడు మనలాగే మోసపోవడానికి మనమే దారి వేసినట్టవుతుంది. బ్లాకు మీద సి ఇ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు దొరికితే అది కంపెనీయే వారంటీలో మార్చి ఇచ్చిన బ్లాకు, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, రేపటికి ఉంచకు. మెషీన్ షాపులో బ్లాకు పైభాగం ఫేసింగ్ చేస్తే, అంటే కోసి చదును చేస్తే, ప్యాడ్ కూడా అదే మట్టంలో ఉంటుంది కాబట్టి దాని మీదున్న నంబర్లు మొత్తం ఎగిరిపోతాయి. ఇప్పుడు ఉన్నవి దొంగ నంబర్లే కావచ్చు, రేపు దొరికే మంచి బ్లాకుకి ఈ గతి పట్టకూడదు. కోత ప్యాడ్ దగ్గర ఆపమని రాతపూర్వకంగా ఇవ్వాలి.

ప్రశ్న: పై కమారో లాగే మా అబ్బాయి స్నేహితుడి దగ్గర 1969 ఫోర్డ్ మస్టాంగ్ ఉందట. దానికీ ఇదే లెక్కా?
(ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: లెక్క ఒకటే, భాష వేరు. ఫోర్డ్ పార్టు మీద నంబరు అక్షరంతో మొదలవుతుంది. సి అంటే 1960లు, డి అంటే 1970లు. తర్వాతి అంకె సంవత్సరం. మూడో అక్షరం ఏ బండి కోసం గీశారో చెబుతుంది, జెడ్ అయితే మస్టాంగ్, ఓ అయితే ఫెయిర్‌లేన్ కుటుంబం, ఎ అయితే పెద్ద కార్లు. నాలుగోది ఇ అయితే ఇంజిన్ విభాగం. సి9జెడ్‌ఇ అని చూస్తే 1969 మస్టాంగ్ ఇంజిన్ పార్టు అనుకోవచ్చు. అయితే సి8ఓఇ అని ఉన్నంత మాత్రాన 1969 మస్టాంగ్‌కి తప్పు పార్టు అనుకోవద్దు, ఆ నంబరు డిజైన్ ఎప్పుడు చేశారో చెబుతుంది, పోసింది ఎప్పుడో చెప్పదు. అది చెప్పేది విడిగా ఉండే తేదీ కోడు. షెవ్రోలే బ్లాకు మీద నెల ముందు వస్తే ఫోర్డ్‌లో సంవత్సరం ముందు వస్తుంది: "9సి12" అంటే 1969 మార్చి 12. ఇంకో తేడా, ఫోర్డ్ నెలల్లో ఐ అక్షరం వదిలేశారు, కాబట్టి సెప్టెంబరు జె అవుతుంది. షెవ్రోలే అలవాటుతో చదివితే అక్కడి నుంచి నెల తప్పుతుంది.

ప్రశ్న: గురువు గారూ, మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 2, 1968 బండి. తొంభైల్లో అందరిలాగే మేమూ డీజిల్ ఇంజిన్ వేయించాం. ఇప్పుడు మళ్లీ పెట్రోల్ ఇంజిన్ వేసి ఆ కొత్త వింటేజ్ నంబరు తీసుకుందామని ఉంది. విజయనగరంలో ఒక పాత సామాన్ల ఆయన "ఒరిజినల్ 1500" అని ఇంజిన్ చూపిస్తున్నాడు. చూసి కొనేదెలా?
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: ముందు రూలు చెబుతాను, దాన్ని బట్టే ఇంజిన్ ఎంచుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000. నంబరులో ఏపీ తర్వాత విఎ అక్షరాలు వస్తాయి. ఆ నంబరు తీసుకున్నాక బండిని రోజువారీ పనులకు తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు కొట్టించుకోవడానికీ, రిపేరుకీ మాత్రమే. సంతకూ పెళ్లికీ వేసుకెళ్లాలనుకుంటే బాగా ఆలోచించుకోండి. మీ డీజిల్ ఇంజిన్ ఆర్సీలో ఎక్కిందా లేదా చూడండి, ఎక్కితే పెట్రోల్‌కి తిరిగి మార్చడానికి ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి కాగితం తెచ్చుకోండి. ఇంజిన్ వేశాక తిరగడం కంటే వేయకముందు తిరగడం నయం.

ఇక ఇంజిన్. మీ బండికి సరైనది 1489 సీసీ, రాకర్లు పైనుండే బీఎంసీ బి-సిరీస్. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, మొదట్లో పక్క వాల్వుల 1476 సీసీ ఇంజిన్ ఉండేది, 1959 నుంచి ఈ 1489. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఆయన చూపించే ఇంజిన్ హెడ్డు దించనిస్తే ఈ రెండూ కొలవండి, దించనివ్వకపోతే కొనకండి. ఇక్కడ ఒక గుంట ఉంది: అంబాసిడర్ డీజిల్ కూడా 1489 సీసీయే. డీజిల్ బ్లాకును పెట్రోల్‌గా అంటగట్టే అవకాశం ఉంది కాబట్టి సైజు ఒక్కటే చూసి తృప్తి పడకూడదు. సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుంటే పెట్రోల్ ఇంజిన్‌కు కార్బొరేటరూ సైలెన్సర్ మానిఫోల్డూ రెండూ ఎడమ పక్కనే, ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ కుడి పక్కన ఉంటాయి. మానిఫోల్డ్ విప్పితే పక్కకి ఐదే రంధ్రాలు కనబడాలి, రెండు లోపలికి, మూడు బయటికి. డీజిల్ ఇంజిన్‌కు డిస్ట్రిబ్యూటర్ ఉండదు, కాబట్టి అది దిగే చోటు, దాని గేరు సరిగా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులు ఉంటాయి. 1992 తర్వాతి ఇసుజు 1817 సీసీ ఇంజిన్‌లో క్యామ్ పైన హెడ్డులో ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది, మంచి ఇంజినే కానీ మీ 1968 బండిది కాదు.

పైన ఉండాల్సినవి: ఎస్‌యు కార్బొరేటర్, ఆల్టర్నేటర్ బదులు డైనమో, దానికో రెగ్యులేటర్ పెట్టె. ఇవి మన జిల్లాల్లో దొరక్కపోతే కోల్‌కతా మల్లిక్ బజారులో వెతకాలి. బండి పుట్టింది ఉత్తరపాడాలో కాబట్టి పాత సరుకు అటువైపే ఎక్కువ మిగిలింది, హౌరా రైలు మన ఊరి మీదుగానే పోతుంది. బోల్టుల విషయం చాలామంది పట్టించుకోరు. ఈ ఇంజిన్ మరలు అంగుళాల లెక్క. 5/16 బోల్టు 7.94 మిల్లీమీటర్లు, 8 ఎంఎం బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ మర వేరు. నాలుగు చుట్లు పట్టాక బిగుసుకుంటుంది, కుర్రాడు పానా మీద బలం వేస్తాడు, బ్లాకులో మర పోతుంది. మీరు కొనే ఇంజిన్లో ఎన్ని కన్నాలు అలా పాడయ్యాయో ఒక సరైన బోల్టు జేబులో పెట్టుకెళ్లి చేత్తోనే తిప్పి చూసుకోండి.

పాత పద్ధతి వద్దు అని నేను చెప్పే చోట్లు రెండే, రెండూ బయటికి కనబడవు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అప్పటి హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు నేరుగా పోత ఇనుము మీద కూర్చుంటుంది, సీసం లేకపోతే ఆ సీటు మెల్లగా అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. హెడ్డు పని చేయించేటప్పుడే గట్టి సీటు రింగులు వేయించండి. రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులనూ వాషర్లనూ తినేస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు, డయాఫ్రం వేయండి. ఎవరైనా ఇది ఆ కాలానిది కాదంటే కాదనే ఒప్పుకోండి, ఇంజిన్ గదిలో పెట్రోలు కారి బండి తగలబడటం కంటే అది మేలు. పైన చెప్పిన కమారోకి కూడా వాల్వు సీట్ల మాట వర్తిస్తుంది.

ప్రశ్న: మా తాతగారి జీపు 1944 విల్లీస్ అని ఇంట్లో అందరూ అంటారు. తిత్లీ తుపానుకి షెడ్డు కూలి దాని మీద పడింది, అప్పటి నుంచి ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు బాగు చేయిద్దామని బానెట్ తీస్తే ఇంజిన్ పైన పొడుగాటి రాకర్ కవరు, దాని పక్కన హెడ్డు మీదే కార్బొరేటర్ ఉన్నాయి. యుద్ధకాలపు పార్టులు ఎక్కడ దొరుకుతాయి?
(ఒక పాఠకురాలు, పలాస)

జవాబు: అమ్మా, పార్టులు వెతికే ముందు ఆగండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది యుద్ధకాలపు ఇంజిన్ కాదు. 1944 జీపులో ఉండేది ఎల్-134, రెండు వాల్వులూ బ్లాకులోనే ఉంటాయి, కాబట్టి హెడ్డు బల్లపరుపుగా ఒక పలకలా ఉండి దాని మీద ప్లగ్గులు నిలబడి కనబడతాయి, కార్బొరేటర్ పక్కన మానిఫోల్డ్ మీద ఉంటుంది. మీ దాంట్లో ఉన్నది ఎఫ్-134, అంటే లోపలికి గాలి పంపే వాల్వు హెడ్డులో, పొగ పంపే వాల్వు బ్లాకులో. ఇది 1950ల్లో వచ్చింది. దీని ఎత్తు ఎక్కువ, అందుకే దీన్ని పెట్టడానికి సీజే-3బి మోడల్‌కు బానెట్ ఎత్తు పెంచాల్సి వచ్చింది. మన దేశంలో మహీంద్రా వాళ్లు ఏళ్ల తరబడి కట్టింది ఆ ఎత్తు బానెట్ జీపే.

మీ బానెట్ కూడా ఎత్తుగా ఉంటే బండి మొత్తం ఆ తర్వాతి కాలందే, అందులో తక్కువ ఏమీ లేదు, దానికి తగ్గ ఎఫ్-134 పార్టులే వేయించండి. బానెట్ మామూలు ఎత్తులో ఉండి మూత పడటానికి ఏదైనా కోసినట్టు కనబడితే మాత్రం బండి పాతదై, ఇంజిన్ తర్వాత మార్చి ఉండొచ్చు. అప్పుడు ముందు గ్రిల్లు చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు రేకు గ్రిల్లుకు తొమ్మిది, తర్వాతి పౌర జీపులకు ఏడు. గ్రిల్లు మార్చేసి ఉండొచ్చు కాబట్టి కింద పడుకుని ముందు అడ్డ కమ్మీ కూడా చూడమనండి, విల్లీస్‌కు అది గుండ్రటి గొట్టం, ఫోర్డ్ కట్టిన జీపుకు బోర్లించిన యు ఆకారం. ఫోర్డ్ వాళ్లు చాలా పార్టుల మీద, బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం వేశారు.

ఒకవేళ అది నిజంగా పాత చాసిస్ అయ్యి ఎల్-134 ఇంజిన్ కోసం వెతుకుతుంటే ఒక్క జాగ్రత్త. యుద్ధకాలపు ఇంజిన్లలో క్యామ్ షాఫ్టును చెయిన్ తిప్పుతుంది, యుద్ధం అయిన కొద్ది కాలానికి గేర్లకు మారింది. చెయిన్ ఉంటే క్యామ్ క్రాంకుతో పాటే తిరుగుతుంది, గేర్లయితే ఎదురు తిరుగుతుంది. అందుకని రెండింటి క్యామ్ షాఫ్టులూ ఆయిల్ పంపులూ వేరు. ఒకదాని పంపు ఇంకొకదానికి వేస్తే బోల్టులు పడతాయి, ఆయిల్ ఎక్కదు, బేరింగులు కాలిపోతాయి. ముందు కవరు విప్పి చెయినా గేరా చూడకుండా ఆయిల్ పంపు కొనకండి.

బిగుసుకుపోయిన ఇంజిన్‌ను తాడు కట్టి లాగి స్టార్ట్ చేయడానికి ఎవరినీ ఒప్పుకోవద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి కొన్ని రోజులు నాననివ్వండి, తర్వాత హ్యాండిల్‌తో నెమ్మదిగా అటూ ఇటూ కదిలించండి.

ప్రశ్న: తుప్పు పట్టిన బ్లాకు మీద నంబరు కనబడటం లేదు. గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి కొట్టమంటారా?
(ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: వద్దు, వద్దు. పోత నంబరైతే ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది, సుత్తితో కొట్టిన నంబరు లోతు చాలా తక్కువ, గ్రైండర్ ఒక్కసారి తగిలితే పోతుంది, ఇసుక బ్లాస్టింగ్‌తోనూ అంతే. కిరసనాయిల్లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో చేత్తో రుద్దండి. ఆరాక సుద్ద పొడి రాసి తుడిస్తే గుంటల్లో తెల్లగా మిగిలి అంకెలు తేలతాయి. పల్చటి కాగితం వేసి పెన్సిల్ రుద్ది ఆ ముద్రను దాచుకోండి, ఫొటో కూడా తీయండి, ఇదంతా బ్లాకు లేత్ షాపు గుమ్మం ఎక్కకముందే జరగాలి. రంగు వేసేటప్పుడు నంబరు మీద టేపు అంటించండి.

ప్రశ్న: పాత స్టాకు, ఎప్పుడూ వాడని కంపెనీ పార్టులు అని పెట్టె విప్పకుండా అమ్ముతున్నారు. కొనొచ్చా?
(ఒక పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: ఇనుము, ఇత్తడి, అల్యూమినియం పార్టులైతే కొనొచ్చు, పెట్టె విప్పించి, పార్టు మీద నంబరు పెట్టె మీద నంబరుతో కలిసిందో లేదో చూసి, కొలిచి. పిస్టన్ రింగులు తుప్పు పట్టాయేమో చూడండి, మన సముద్రపు గాలికి పెట్టెలో ఉన్నవి కూడా పడతాయి. ఆయిల్ సీళ్లు, రబ్బరు డయాఫ్రంలు, కార్కు గ్యాస్కెట్లు మాత్రం ఎంత అసలు పెట్టెలో ఉన్నా తీసుకోవద్దు. ముప్పై నలభై ఏళ్లు పెట్టెలో ఉన్న రబ్బరు ఇంజిన్ వేడి తగలగానే పగులుతుంది, అవి కొత్తవే కొనండి.